దేవుడు, సాధ్య ప్రపంచాలు, లెక్క: అపోహలు - వాస్తవాలు

అపోహ: సాధ్య ప్రపంచం అంటే ఎక్కడో ఉన్న మరో లోకం.

దేవుడు ఉన్నాడని తర్కంతోనే నిరూపించాలని చూసే వాదాలు కొన్ని సాధ్య ప్రపంచాల మాట వాడతాయి. ఈ వాదాలకు అలాంటి లోకం అక్కర్లేదు. వైరుధ్యం రాకుండా సంగతులన్నీ ఉండగలిగే ఒక పూర్తి తీరునే సాధ్య ప్రపంచం అంటాం. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించాడు. కట్టించకపోయి ఉండొచ్చు కూడా, కాబట్టి ఆ గుడి లేని ప్రపంచం సాధ్యమే. 7 ప్రధాన సంఖ్య కాని ప్రపంచం మాత్రం ఒక్కటీ లేదు. అది ఆవశ్యక సత్యం.

అపోహ: "దేవుడు ఉండటం సాధ్యమే" అని ఒప్పుకుంటే పోయేదేమీ లేదు.

వరంగల్‌లో తర్కం చదివే పిల్లలైనా, చర్చల్లో పాల్గొనే పెద్దలైనా ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. 1974లో తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా ఇచ్చిన వాదం సారం ఇది:

1. దేవుడు ఉంటే అన్ని ప్రపంచాల్లోనూ ఉంటాడు (నిర్వచనం).
2. అలా ఉండటం సాధ్యం, అంటే కనీసం ఒక ప్రపంచంలో అది నిజం.
3. ఆ ప్రపంచం నుంచి చూస్తే మన ప్రపంచమూ సాధ్యమే. కాబట్టి ఇక్కడా ఉన్నాడు.

మెట్లలో తప్పు లేదు. కానీ రెండో మెట్టును "దేవుడు లేకపోవడం సాధ్యం" అని మార్చండి. ఏదో ఒక ప్రపంచంలో లేడంటే అన్నిటిలో ఉన్నట్టు కాదు; నిర్వచనం ప్రకారం ఇక్కడా లేడు. దీనికి మూడో మెట్టు కూడా అవసరం లేదు! అందుకే భారమంతా రెండో మెట్టు మీదే.

"ఉండొచ్చేమో" అన్న సందేహం ఆ మెట్టుకు చాలదు. 1742 నాటి గోల్డ్‌బాక్ ప్రతిపాదన చూడండి: 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్య రెండు ప్రధాన సంఖ్యల మొత్తం. ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు, తప్పని చూపలేదు. నిజమేమో అంటాం, కాదేమో అంటాం. అయినా 7 సంగతిలాగే ఇదీ లెక్క కాబట్టి, వాటిలో ఒకటి ఏ ప్రపంచంలోనూ జరగనిది. తెలియకపోవడం వేరు, సాధ్యం కావడం వేరు.

అపోహ: దేవుడి ఉనికికి తర్కవేత్త గోడెల్ రాసిన రుజువును కంప్యూటర్ సరిచూసింది, దేవుడు ఉన్నట్టు తేలిపోయింది.

2013లో బెంజ్‌ముల్లర్, పాలియో అనే పరిశోధకులు కంప్యూటర్‌తో సరిచూసింది తర్కవేత్త డానా స్కాట్ సవరించిన రూపాన్ని. స్వీకృతాల (రుజువు లేకుండా ముందే ఒప్పుకునే మాటల) నుంచి ముగింపు వస్తుందని మాత్రమే అది చెబుతుంది. స్వీకృతాలు నిజమని కాదు. గోడెల్ 1970 రాతప్రతిలోని స్వీకృతాల్లోనైతే వైరుధ్యమే బయటపడింది. ఒక వస్తువు మిగతా లక్షణాలన్నీ ఏ లక్షణం నుంచి తప్పక వస్తాయో దాన్ని అతను 'సారం' అన్నాడు; ఆ నిర్వచనంలో, ఆ లక్షణం ఆ వస్తువుకు ఉండాలన్న షరతు రాయలేదు. స్కాట్ దాన్ని చేర్చాడు.

స్కాట్ రూపానికీ ఒక చిక్కుంది. తత్వవేత్త జోర్డన్ సోబెల్ 1987లో చూపినట్టు, దాని స్వీకృతాలను ఒప్పుకుంటే నిజమైన ప్రతిదీ ఆవశ్యకమైపోతుంది. అప్పుడు వేయిస్తంభాల గుడి లేని ప్రపంచమూ ఉండదు. 1990లో మరో తత్వవేత్త ఆంథొనీ ఆండర్సన్ కొన్ని స్వీకృతాలను, నిర్వచనాలను మార్చి ఈ చిక్కును తప్పించాడు.