తుపాను తర్వాత పాట ఎప్పుడు? బరంపురంలో ఓ పాత తగువు వెనక కథ

దసరా చందా రసీదులు, పాట కచేరీ కరపత్రాలు ఒడిశాలోని మా బరంపురంలో సెప్టెంబర్‌లోనే అచ్చయిపోతాయి. తుపాన్లు అక్టోబర్‌లో వస్తాయి. రెండూ ఢీకొన్న ఏడల్లా తెలుగువాళ్ల సభల్లో అదే తగువు మళ్లీ మొదలవుతుంది. "ఆర్కెస్ట్రాకి అడ్వాన్సు ఇచ్చేశాం, హాలు బుక్కయింది. దాన్నే తుపాను బాధితుల సహాయార్థం అని మార్చేద్దాం, నాలుగు డబ్బులు వాళ్లకీ వెళ్తాయి" అంటారు కొందరు. "ఇంకా శవాలే దొరకలేదు, అప్పుడే పాటలేంటి?" అంటారు ఇంకొందరు. రెండు వైపులా ఉన్నది మంచి మనసే. అందుకే ఈ తగువు తెగదు.

ఎన్ని రోజులు ఆగాలి అన్న దగ్గరే మనం కొట్టుకుంటాం. ఆ రోజులు ఎవరు లెక్కపెట్టాలి అన్నది అసలు సంగతి. అది నాకు 2013లో గోపాల్‌పూర్ దాపున ఒక పల్లెలో, వల బాగుచేసుకుంటున్న ఒకామె చెప్పింది. ఆమె దగ్గరికి వెళ్లే ముందు ఈ తగువు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి.

ముందు తేదీలు చూడండి. 1999 అక్టోబర్ 17న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను దసరా రోజుల్లోనే గంజాం జిల్లాని చదును చేసేసింది. ఆ దెబ్బ నుంచి లేవకముందే, పన్నెండు రోజులకి, అక్టోబర్ 29న జగత్‌సింగ్‌పూర్ వైపు మహా తుపాను వచ్చి దాదాపు పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. అంత పెద్ద ఘోరం ముందు మా గంజాం కష్టం ఎవరి కంటికీ ఆనలేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ వచ్చింది, సరిగ్గా దుర్గాష్టమి రాత్రి. మర్నాటికి పందిళ్లూ లేవు, విద్యుత్ స్తంభాలూ లేవు. మరుసటేడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖని కొట్టింది, దాని వాన కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల దాకా వచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. దేవీ నవరాత్రులు మొదలైన మర్నాడది. గజపతి జిల్లా బరాఘరా దగ్గర కొండచరియ విరిగిపడి ఒక్కచోటే పది మందికి పైగా పోయారు.

ఇదేమీ కాకతాళీయం కాదు. నైరుతి ఋతుపవనాలు వెనక్కి మళ్లే ఆ నెలల్లో బంగాళాఖాతం నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, వాయుగుండాలకి బలం అక్కడి నుంచే వస్తుంది. పండగలూ, పాట కచేరీలూ, తుపాన్లూ ఒకే నెలలో పడటం మా ప్రాంతపు రాత.

మేం ఇక్కడికి వలస వచ్చినవాళ్లం కాదు, ఉన్నచోటే ఉన్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బరంపురం, పర్లాకిమిడి, కొరాపుట్ ఇటు వచ్చాయి. అప్పటి నుంచి మాకు రెండు వైపుల చావులూ మా చావులే. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి దాదాపు నలభై మంది చనిపోయారు. ఆ స్టేషన్ అప్పట్లో విజయనగరం జిల్లాది, రైలు వెళ్తున్నది భువనేశ్వర్‌కి. ఐదు రోజుల్లో గణతంత్ర దినం. స్కూళ్లలో పిల్లల డాన్సులు ఉంచాలా తీసేయాలా అని అప్పుడూ టెన్షనే.

మన ఇళ్లల్లో దీనికో పాత లెక్క ఉంది. ఊళ్లో శవం లేచేదాకా గుడి తలుపు తీయరు, పక్కింట్లో కూడా పొయ్యి వెలిగించరు. తర్వాత మైల. పదకొండో రోజు, పన్నెండో రోజు, కొన్ని ఇళ్లల్లో పదమూడో రోజు. పెద్దకర్మ అయ్యాక ఊరి పనులు ఊరివి, కానీ పోయిన ఇంట్లో ఏడాది దాకా పండగ ఉండదు. ఒడియా ఇళ్లల్లోనూ దాదాపు ఇదే, పదో రోజు నుంచి శుద్ధి మొదలవుతుంది. అందుకే మా సభల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "పన్నెండు రోజులు పోనివ్వండి, ఆ తర్వాత పెట్టుకుందాం."

ఈ లెక్క అందరిదీ కాదు. గజపతి కొండల్లోని సవరలకి పాత ఆచారంలో గువార్ ఉంది. మనిషి పోయిన చాన్నాళ్లకి, కుటుంబం ధాన్యం, పశువు కూడబెట్టుకున్నాక, పోయినవాళ్ల పేరున రాయి పాతుతారు. అప్పుడు డప్పులు, బూరలు, ఆట, పాట అన్నీ ఉంటాయి. సంగీతం ఎప్పుడు మోగాలో ఆ ఇంటి గాదె చెప్తుంది. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష ఎలా నేర్చుకున్నారు? వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి నేర్చుకున్నారు. మేం ఆయన జయంతి చేస్తాం గానీ, కొండ మీద కష్టమొస్తే కింద మైకు కట్టే ముందు అడగడం మాత్రం మర్చిపోతాం.

ఇంకో మాట. మన దగ్గర చావుకీ పాటకీ పడదని అనుకోవడం పొరపాటు. శవం వెంట డప్పు నడుస్తుంది, రాత్రంతా తత్వాలు పాడతారు, భజన చేస్తారు. మనసు నొప్పించేది పాట కాదు. టికెట్టు, స్టేజీ లైట్లు, ముందు వరసలో అతిథులు, పాట పాటకీ చప్పట్లు. తగువంతా వాటి గురించే.

తెలుగునాట దీనికి జోలె అనే దారి ఒకటి దొరికింది. 1952లో రాయలసీమ కరువు నిధికి ఎన్టీఆర్ ఊరూరా తిరిగి విరాళాలు వసూలు చేశారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేల మందిని మింగేసినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లో నడుస్తూ జోలె పట్టారు. జోలెకి ముహూర్తం అక్కర్లేదు. ఆ పూటే పట్టొచ్చు, వేసేవాడు కళ్లు తుడుచుకుంటూ వేస్తాడు. అడగడం, ఆడిపాడటం రెండు వేరు వేరు పనులని ఆ తరానికి తెలుసు. మేం రెండింటినీ ఒకే కరపత్రంలో వేయడం మొదలుపెట్టాకే ఈ చిక్కంతా.

బయటి ప్రపంచంలో సహాయ కచేరీ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1971 ఆగస్టు 1. పండిట్ రవిశంకర్ అడిగితే జార్జ్ హ్యారిసన్ కొద్ది వారాల్లోనే న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ కోసం ఒకే రోజు రెండు ప్రదర్శనలు పెట్టారు. అక్కడి భోలా తుపాను అంతకు ముందు నవంబర్‌లో వచ్చింది, బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం మార్చిలో మొదలైంది, కచేరీ నాటికి శరణార్థులు ఇంకా సరిహద్దు దాటుతూనే ఉన్నారు. ఆలస్యమైందనీ అనొచ్చు, ఇంకా తొందరనీ అనొచ్చు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ తేదీ కన్నా డబ్బు సంగతి. టికెట్ల మీద వచ్చిన 2 లక్షల 43 వేల డాలర్ల చిల్లర యునిసెఫ్‌కి త్వరగానే వెళ్లింది. రికార్డు, సినిమా మీద వచ్చిన పెద్ద సొమ్ము మాత్రం అమెరికా పన్నుల లెక్కల్లో ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది, పన్ను మినహాయింపు కాగితాలు ముందే పెట్టుకోనందుకు. పాట సకాలంలో వచ్చింది, కూడు రాలేదు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పదో రోజునే అమెరికాలో టీవీ కార్యక్రమం చేశారు. మన పన్నెండు రోజుల లెక్కలో అది మైల లోపలే. కానీ ఎలా చేశారు? ప్రేక్షకులు లేరు, చప్పట్లు లేవు, గాయకుల పేర్లు కూడా చెప్పలేదు, చుట్టూ కొవ్వొత్తులు. స్టేజీ తీసేసి పాటని మాత్రం ఉంచారు. అసలు కచేరీ, జనంతో, చప్పట్లతో, అక్టోబర్ 20న జరిగింది.

మాంచెస్టర్‌ది ఇంకో దారి. 2017 మే 22న కచేరీ అయిపోయి జనం బయటికి వస్తుంటే బాంబు పేలి 22 మంది పోయారు. పదమూడో రోజున, జూన్ 4న, ఆ గాయని అరియానా గ్రాండే అదే ఊళ్లో మళ్లీ పాడింది. ముందు రోజు రాత్రే లండన్ బ్రిడ్జి దగ్గర దాడి జరిగినా ఆపలేదు. పోయినవాళ్ల కుటుంబాలతో పోలీసులు మాట్లాడారు. ఎక్కువమంది సరేనన్నారు, కొందరు ఒప్పుకోలేదు. పాటల వరస కూడా ముందు వేరేగా ఉండేదట. పోయిన పిల్లల్లో ఒకరి తల్లి, మా అమ్మాయికి హుషారైన పాటలే ఇష్టం అని చెప్పాక మార్చారు. పదమూడు రోజులు అన్న అంకెలో ఏ మహత్తూ లేదు. ఆ తల్లిని కలిశారు, అంతే.

మనవాళ్లలో హుద్‌హుద్ తర్వాత తెలుగు సినిమావాళ్లు చేసిన "మేము సైతం" నాకు పద్ధతిగా కనిపిస్తుంది. చాలామంది నటులు విరాళాలు ముందే ప్రకటించేశారు, అది జోలె. ఆటపాటలతో కార్యక్రమం 2014 నవంబర్ 30న అన్నపూర్ణ స్టూడియోలో పెట్టారు. తుపాను వచ్చిన 49 రోజులకి, కార్తీకం వెళ్లాక.

ఏ లెక్కకీ అందనిది బాలాసోర్ దగ్గరి బహనాగా. 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. ఒడిశా ప్రభుత్వం మర్నాడు ఒక రోజు సంతాప దినం పాటించింది. ప్రభుత్వం లెక్క ఒక రోజుతో అయిపోయింది. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో పేరు తెలియని శవాలు నెలల తరబడి ఉండిపోయాయి, డీఎన్ఏ పరీక్షలు జరిగాయి, చివరికి ఎవరూ రాని 28 మందికి అక్టోబర్‌లో మున్సిపాలిటీయే దహనం చేయించింది. దహనం కాకపోతే పదకొండో రోజు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? ఆ ఇళ్లల్లో మైల మొదలే కాలేదు. సముద్రంలో మనిషి తప్పిపోయిన ప్రతి పల్లెకీ తెలిసిన బాధ ఇది.

ఇక 2013కి వస్తాను. అప్పుడు మా సభకి చందాల లెక్క రాసేవాణ్ణి. దసరా వేడుకల కచేరీ అక్టోబర్ 20 ఆదివారానికి ఉండింది. ఫైలిన్ రావడంతో దాన్నే "ఫైలిన్ బాధితుల సహాయార్థం" అని మార్చి, కరెంటు లేదు కాబట్టి పెద్ద జనరేటర్ మాట్లాడాం. తుపాను వచ్చిన నాలుగో రోజున అటుకులు, బెల్లం, పాలిథిన్ షీట్లు వ్యాన్‌లో వేసుకుని గోపాల్‌పూర్ అవతల ఓ పల్లెకి వెళ్లాం. ఒడియావాళ్లు నోలియాలంటారు వాళ్లని. వాడబలిజలు, జాలార్లు, ఇంట్లో మాట తెలుగే. ఇళ్ల కప్పులు లేవు, గోడలకి ఇసుక మేట వేసి ఉంది. ఒకామె పడవ నీడన కూర్చుని, మోకాళ్ల మీద వల పరుచుకుని, చిరుగుల మధ్య పనికొచ్చే ముక్కలు ఏరుతోంది. వయసు అరవై ఉంటుంది. బెల్లం పొట్లం ఇచ్చి, ఆదివారం కచేరీ సంగతి చెప్పాం. మీకోసమే పెడుతున్నామన్నాం.

ఆమె సూది ఆపలేదు. "ఏటి బాబూ, ఆదివారమే పాటలా? మా ఇళ్ల మీద కప్పు నేదు. వానొస్తే పిల్లల్ని ఎత్తుకుని షెల్టర్‌కి పరిగెడతన్నాం. ఆ జనరేటరేదో రెండ్రోజులు ఇటు పంపండి, బోరు నీళ్లు తోడుకుంటాం. పాటలు మీరు పెట్టుకోండి, ఒద్దనం. మా పేరు మాత్రం ఎట్టకండి."

మరి ఎప్పుడు పెట్టమంటావమ్మా అని అడిగాను. "మా మగాళ్లు ఏటకెళ్లి, చేపలమ్మిన డబ్బు నా కొంగున పడ్డ రోజు కబురెడతాను" అంది.

వ్యాన్‌లో తిరుగు దారంతా ఎవరం మాట్లాడలేదు. ఆ రాత్రి లాంతరు వెలుగులో సభ కూర్చుంది. ఆర్కెస్ట్రా అడ్వాన్సు పోతుందని గట్టిగానే వాదన జరిగింది. చివరికి కచేరీ ఆపేశాం. జనరేటర్ పల్లెకి వెళ్లింది. మా కుర్రాళ్లు రసీదు పుస్తకాలతో బజారు వీధుల్లో తిరిగి, వచ్చిన డబ్బుకి నైలాను దారం, వల ముక్కలు కొన్నారు. అందులోనూ తొందర ఉంది. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లని కాపాడటానికి ఋషికుల్య ముఖద్వారం దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం, అక్కడి పల్లెలవాళ్లకి అక్టోబర్ చివర్లో దొరికే నాలుగు రోజులు కూడా ముఖ్యమే. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి మళ్లీ వేట ఆగిపోతుంది. డబ్బు ఎండాకాలంలో చేరితే వల ఇంట్లోనే పడుంటుంది. సహాయానికి గడువుంది. కచేరీకి లేదు. అంతకు ముందు మేం రెండింటినీ ఒకే తేదీకి కట్టి, ఆ తేదీ కూడా మా హాలు ఖాళీని బట్టి పెట్టేవాళ్లం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

కబురు డిసెంబర్‌లో వచ్చింది. చేపలతో బరంపురం బజారుకి వచ్చిన పిల్లాడొకడు మా కొట్టు ముందు ఆగి, "పెద్దమ్మ పాటలు పెట్టమంది" అన్నాడు. హాలు వద్దని ఇసుక మీదే పెట్టాం. టికెట్టు లేదు, ఊరివాళ్లు చాపలు తెచ్చుకున్నారు, పట్నం నుంచి వచ్చినవాళ్లు డబ్బాలో వేసినంత వేశారు. అది పడవ ఇంజన్ల మరమ్మతుకని ముందే చెప్పాం, రాసి గోడకి అంటించాం. మా గాయకుడు మూడు పాటలు పాడాక ఆ ఊరి మగవాళ్లు లేచి వల లాగే పాట ఎత్తుకున్నారు. ఒకరు అంటే పదిమంది అందుకుంటూ, చేతుల్లో తాడు లేకపోయినా ఒళ్లు వెనక్కి వంచి లాగుతూ. ఆమె ముందు వరసలో లేదు. వెనక, ఇంటి కొత్త కప్పు కింద, గుమ్మంలో కూర్చుని విన్నది.

పడవలు తెల్లవారుజామున మూడింటికి కదలాలి. అందుకని ఎనిమిదింటికల్లా మైకు ఆపేశాం.