మత్తుకు ముందు మూడు నిమిషాలు

కావలిలోనో మార్కాపురంలోనో ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్లకి లోపల ఆక్సిజన్ పెట్టారని తెలిస్తే కాళ్లూ చేతులూ ఆడవు. ఆక్సిజన్ పెట్టారంటే పరిస్థితి చేయిదాటిందనే మన వైపు లెక్క. కానీ పెద్దాపరేషన్‌కి పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే, ఏ ఇబ్బందీ లేని గర్భిణికి కూడా మత్తు డాక్టరు ముందు పెట్టేది మాస్కే.

చాలా సిజేరియన్లు నడుముకిచ్చే మత్తుతోనే జరిగిపోతాయి. తల్లి తన ఊపిరి తానే పీల్చుకుంటుంది. రక్తస్రావం ఆగనప్పుడు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు, నడుము మత్తు సరిగా పట్టనప్పుడు పూర్తి మత్తు తప్పదు. మందు ఎక్కగానే కండరాలు సడలి శ్వాస ఆగుతుంది. శ్వాసనాళంలోకి ట్యూబు దిగి, ఊపిరి పని మెషీన్ అందుకునేదాకా ఒళ్లు లోపలి ఆక్సిజన్ నిల్వ మీదే బతకాలి.

ఆ నిల్వ ఎంత? మామూలుగా ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో సుమారు రెండున్నర లీటర్ల గాలి మిగిలి ఉంటుంది. అందులో ఎక్కువ భాగం నత్రజనే. ఆక్సిజన్ మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు. ఒంటి వాడకం నిమిషానికి దాదాపు 250. మాస్కుతో మూడు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ పీలిస్తే నత్రజని బయటికి పోతుంది, నిల్వ రెండు లీటర్లు దాటుతుంది. ఆరోగ్యవంతుడికి ఇది ఏడెనిమిది నిమిషాల గడువు.

నెలలు నిండిన తల్లికి ఈ లెక్క రెండువైపులా తప్పుతుంది. గర్భం డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని) పైకి నెట్టడంతో నిల్వ ఐదో వంతు తగ్గుతుంది; వాడకమేమో అంతకు తక్కువ కాకుండా పెరుగుతుంది. స్థూలకాయం తోడైతే, వెల్లకిలా పడుకోగానే పొట్ట, ఛాతీల బరువుకి ఊపిరితిత్తులు ఇంకా కుంచించుకుపోతాయి. రెండు మూడు నిమిషాల్లోనే పల్స్ ఆక్సీమీటరు 90 కిందికి దిగొచ్చు. గొంతులో వాపు వల్ల ట్యూబు వేయడమూ కష్టమయ్యేది ఇలాంటివాళ్లకే.

అందుకే భుజాల కింద, తల కింద దుప్పట్లు పేర్చి, చెవి రంధ్రం ఛాతీ ఎముక పైఅంచుతో ఒకే మట్టానికి వచ్చేలా లేపుతారు. దుప్పట్లకు ఏ చిన్న ఆస్పత్రిలోనూ కొదవుండదు. ఖర్చు లేకుండా ఇంత మేలు చేసే పని ఇంకోటి లేదని నా అభిప్రాయం. బల్లను కాస్త ఎడమకి వంచేది మాత్రం వేరే కారణానికి: గర్భం పెద్ద సిరను నొక్కితే తల్లి గుండెకు రక్తం తగ్గుతుంది, ఆ వెంటే బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది.

ట్యూబు వేసేటప్పుడు ముక్కులో సన్నటి గొట్టంతో ఆక్సిజన్ వదులుతూనే ఉంటారు. శ్వాసే లేకపోతే అది లోపలికెలా పోతుంది? రక్తం ఆక్సిజన్‌ని లాక్కుంటూనే ఉంటుంది. బదులుగా ఊపిరితిత్తుల్లోకి చేరే కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ. మిగతాది రక్తంలో, కణజాలంలో ఉండిపోతుంది. దాంతో లోపల పీడనం తగ్గి, దారి తెరిచి ఉంటే చాలు, ఆక్సిజన్ తనంతట తనే దిగుతుంది.

వేడి, తేమ కలిపి నిమిషానికి 60, 70 లీటర్ల ఆక్సిజన్ పంపే యంత్రాలూ వచ్చాయి. అయినా గర్భిణుల విషయంలో అవి బిగుతైన మాస్కు కంటే మెరుగని తేలలేదు. మాస్కు ఆనగానే ఊపిరాడట్లేదని పక్కకి నెట్టేసే తల్లులుంటారు. సందు ఏర్పడితే బయటిగాలితో పాటు నత్రజని మళ్లీ చేరుతుంది. వదిలే ఊపిరిలో ఆక్సిజన్ 90 శాతానికి చేరడం మానిటర్ మీద చూసి మందు ఎక్కిస్తారు. అంత వ్యవధి లేకపోతే, "గట్టిగా పీల్చమ్మా" అంటూ ఒక్క నిమిషంలో ఎనిమిది లోతైన శ్వాసలు తీయిస్తారు.