మెటల్ గేర్ సిరీస్ మొత్తం ఆడాలనుకుంటున్నారా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో పన్నెండేళ్లుగా గేమ్ సెంటర్ నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి క్రికెట్, ఫుట్‌బాల్, కార్ రేసులు చాలు. గంట ఆడతారు, డబ్బులిచ్చి వెళ్లిపోతారు. ఏడాదికి ఓ పదిమంది మాత్రం గోడ మీద మెటల్ గేర్ సాలిడ్ పోస్టర్ దగ్గర ఆగి, "అన్నా, ఇది ఎక్కడ మొదలుపెట్టాలి? కథ బుర్రకెక్కదంట కదా?" అని అడుగుతారు.

శత్రువుల కంట పడకుండా దొంగచాటుగా వెళ్లే ఈ వీడియో గేమ్‌ల సిరీస్‌ని నేను మొదటి నుంచి చివరిదాకా నాలుగుసార్లు ఆడాను. పక్కన కూర్చుని చాలామంది చేత ఆడించాను. మధ్యలో వదిలేసిన వాళ్లని చూస్తే, ఆట కష్టమై వదిలేసినవాళ్లు తక్కువ. ముందే ఎవరో నూరిపోసిన మాటలు పట్టుకుని, తప్పు చోట మొదలుపెట్టి వదిలేసినవాళ్లే ఎక్కువ. అలాంటి మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. కథలో పెద్ద మలుపులేవీ బయటపెట్టను, చిన్న విషయాలు మూడు నాలుగు మాత్రం చెప్పక తప్పదు.

అపోహ: కథ ఏ సంవత్సరంలో జరిగిందో ఆ వరసలో ఆడాలి

అన్నిటికంటే ఎక్కువమందిని దారి తప్పించిన సలహా ఇదే. కాగితం మీద లెక్క వేస్తే సబబుగానే కనిపిస్తుంది. 2004లో వచ్చిన స్నేక్ ఈటర్ కథ 1964లో, సోవియట్ అడవుల్లో జరుగుతుంది. 2010లో వచ్చిన పీస్ వాకర్‌ది 1974. 2015లో వచ్చిన ఫాంటమ్ పెయిన్‌ది 1984. వీటన్నిటికంటే ముందు, 1998లో, ప్లేస్టేషన్ మీద వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ కథేమో 2005లో, అలాస్కా దగ్గరి షాడో మోసెస్ దీవిలో జరుగుతుంది. మరి 1964తో మొదలుపెడితే పోలా అంటారు.

అలా చేయకండి. ఆటలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే ఆడండి. మన భారతాన్నే తీసుకోండి. జనమేజయుడు సర్పయాగం చేస్తుంటే వైశంపాయనుడు కూర్చుని పాండవుల కథ చెబుతాడు. వినేవాడు అర్జునుడి మునిమనవడు. అంతా అయిపోయాక, దాని ఫలితం అనుభవిస్తున్న మనిషికి చెబుతున్న కథ కాబట్టే ప్రతి మాటా బరువుగా దిగుతుంది. స్నేక్ ఈటర్ కూడా అలా పెద్దల కథే. తర్వాతి తరానికి ఏం జరిగిందో తెలిసినవాడి కోసం చెప్పింది.

ఒక్క ఉదాహరణ ఇస్తాను. 1998 ఆటలో ఓసెలాట్ అని ఒక ముసలివాడు ఉంటాడు. వాడికి తన పాతకాలపు రివాల్వర్ అంటే ప్రాణం. ఒక్కో గుండూ ఎక్కించడాన్ని పూజలా చేస్తాడు. ఆ మనిషితో మీరు పోరాడతారు, వాడి చేతిలో చిత్రహింసలు పడతారు. తర్వాత స్నేక్ ఈటర్‌లో అదే ఓసెలాట్ కుర్రాడిగా, చేతిలో మామూలు పిస్టల్‌తో కనిపిస్తాడు. గొప్ప కోసం ఏదో విన్యాసం చేయబోతే తుపాకీ జామ్ అవుతుంది. అప్పుడు మనం ఆడించే కథానాయకుడు స్నేక్ వాడితో, నీ పద్ధతికి రివాల్వర్ అయితే బాగుంటుంది అంటాడు. మొదటి ఆట ఆడినవాడు ఆ మాట దగ్గర కుర్చీలోంచి లేస్తాడు. మా సెంటర్‌లో ఇది కళ్లారా చూశాను. 1964తో మొదలుపెట్టినవాడికి అది వచ్చిపోయే ఒక మాట, అంతే.

ఇంకో కారణం చేతులకు సంబంధించింది. మొదటి ఆటలో కెమెరా పైనుంచి చూస్తుంది, మామూలు పిస్టల్‌తో గురిపెట్టి ఎక్కడ కావాలంటే అక్కడ కాల్చడం కుదరదు. ఆ సౌకర్యం 2001లో వచ్చిన రెండో భాగంతో మొదలైంది. కొత్తవి ఆడి పాతదానికి వెళితే చేతులు కట్టేసినట్టు ఉంటుంది. పాతదాంతో మొదలుపెడితే ప్రతి కొత్త ఆటా ఒక వరం ఇచ్చినట్టు ఉంటుంది.

ఈ సిరీస్‌లో "స్నేక్" అనే పిలుపు ఒక్కరిదే కాదు. 1964, 1974 కథల్లోని స్నేక్ పెద్దాయన, 2005 కథలోని స్నేక్ తర్వాతి తరం. ఇంగ్లీషులో ఇద్దరికీ గొంతు ఇచ్చింది డేవిడ్ హేటరే కాబట్టి కొత్తవాళ్లు ఒకడే అనుకుంటారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

అపోహ: 1987 నాటి పాత ఆటలు ఆడకపోతే ఏమీ అర్థం కాదు

ఎమ్మెస్సెక్స్2 కంప్యూటర్ మీద మెటల్ గేర్ 1987లో, దాని రెండో భాగం 1990లో వచ్చాయి. మెటల్ గేర్ సాలిడ్ మెనూలోనే ఆ రెండింటి కథనీ చదువుకునేలా పెట్టారు. పది నిమిషాలు పడుతుంది, చదివి ముందుకెళ్లండి. సిరీస్ నచ్చాక వెనక్కి వచ్చి 1990 నాటిది తప్పకుండా ఆడండి. కాపలావాడు చప్పుడు వినడం, మనం పాకుతూ వెళ్లడం, మూలన రాడార్ చూసుకోవడం, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. 2023లో వచ్చిన మాస్టర్ కలెక్షన్ మొదటి సంపుటంలో రెండూ దొరుకుతాయి.

అపోహ: శత్రువు కంట పడితే ఓడిపోయినట్టే, వెంటనే మళ్లీ లోడ్ చేయాలి

మా సెంటర్‌కొచ్చే కుర్రాళ్లందరికీ ఉన్న అలవాటు ఇది. అలారం మోగితే చాలు, వేలు రీసెట్ మీదికి పోతుంది. టెన్షన్! అలా ఆడితే ఆటలో సగం ఎప్పటికీ చూడలేరు.

దొంగచాటుగా వెళ్లే ఆట అనే ఆలోచన పుట్టిందే ఇబ్బందిలోంచి. 1987లో దర్శకుడు హిడియో కొజిమాకి 23 ఏళ్లు. ఆయనకి యుద్ధం ఆట చేయమని అప్పగించారు. ఆ ఎమ్మెస్సెక్స్2 యంత్రమేమో తెర మీద ఎక్కువమంది శత్రువుల్ని, ఎక్కువ తూటాల్ని ఒకేసారి చూపించలేదు. అందుకని పోరాడే బదులు తప్పించుకునే ఆట చేశాడు. తప్పించుకోవడమే అసలు ఆట అయినప్పుడు, కంట పడటం ఓటమి ఎలా అవుతుంది?

చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడినవాళ్లకి తెలుసు. దొంగ మన పక్కనుంచే వెళుతుంటే ఊపిరి బిగబట్టి నిలబడే ఆ నాలుగు క్షణాల కోసమే ఆడతాం. 2001లో వచ్చిన సాలిడ్ రెండో భాగంలో ఒకసారి ఒక ఇంటర్ కుర్రాడు కంట పడ్డాడు. రీసెట్ చేయబోతుంటే, "ఆగు నాన్నా, ముందు పరిగెత్తు" అన్నాను. పక్క గదిలోకి దూరి లాకర్‌లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు. తెర మీద లాకర్ తలుపు సందుల్లోంచి కనిపించే గది తప్ప ఇంకేం లేదు. సైనికులు జట్టుగా లోపలికొచ్చారు. మూలమూలా వెతికారు. బూట్ల చప్పుడు లాకర్ ముందు ఆగింది. వాడు కంట్రోలర్‌ని ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాడు, పక్క టీవీలో క్రికెట్ ఆడుతున్నవాళ్లు కూడా ఆపేసి చూశారు. బూట్లు కదిలి వెళ్లిపోయాయి. తెర మీద అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వచ్చేసరికి వాడి చొక్కా తడిసిపోయింది. ఆ రోజు తర్వాత వాడు అలారం మోగినందుకు రీసెట్ నొక్కలేదు.

ఇంకో మాట. రెండో భాగం నుంచి కాపలావాళ్లు రేడియోలో తమవాళ్లని పిలుస్తారు. నడుముకున్న ఆ రేడియోని కాల్చేస్తే పిలవలేరు. కంట పడ్డవాడే ఇలాంటివి కనిపెడతాడు.

అపోహ: పక్కన గైడ్ పెట్టుకోకపోతే ముందుకెళ్లలేం

ఆటలోనే గైడ్ ఉంది. దాని పేరు కోడెక్, అంటే రేడియో. చిక్కుకున్న ప్రతిచోటా మీకు ఆజ్ఞలిచ్చే అధికారి కల్నల్‌కి కాల్ చేయండి, మిగతావాళ్లకీ చేయండి. సగం సమాధానాలు అక్కడే దొరుకుతాయి. మొదటి ఆటలో సైకో మాంటిస్ అనే శత్రువు దగ్గర గైడ్ చూసినవాళ్లని తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఆ మనిషి మీ మనసు చదువుతానంటాడు. మీ మెమరీ కార్డులో ఈ సిరీస్ తీసిన కొనామి కంపెనీ వాళ్ల వేరే ఆటలుంటే వాటి పేర్లు చెబుతాడు. తర్వాత కంట్రోలర్‌ని నేల మీద పెట్టమంటాడు. పెడితే, వైబ్రేషన్‌కి అది గచ్చు మీద తనంతట తానే గరగరమంటూ జరుగుతుంది! మా సెంటర్‌లో ఆ సమయానికి ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపిస్తాను. ఆ తర్వాత వాణ్ణి ఎలా ఓడించాలో రాయను. కల్నల్ చెబుతాడు.

ఈ నియమానికి నేనే పెట్టుకున్న మినహాయింపు ఒకటుంది. మెరిల్ అనే అమ్మాయి రేడియో నంబరు సీడీ పెట్టె వెనక ఉందని ఆటలో చెబుతారు. నిజంగానే అసలు పెట్టె వెనక, ఆటలోని ఒక బొమ్మ మీద అచ్చేశారు. నేను హైస్కూల్లో ఉండగా ఒక షాపులో కొన్నది కాపీ సీడీ, పల్చటి ప్లాస్టిక్ కవర్లో ఇచ్చారు. పెట్టే లేదు, ఇక వెనక ఏం చూస్తాను? ఆటలో నాకిచ్చిన డిస్కు గురించేమో అనుకుని పదిహేను రోజులు దాన్నే తిప్పి తిప్పి చూశాను. చివరికి ఒక రాత్రి ఒక్కో నంబరూ మార్చుకుంటూ పోతే 140.15 దగ్గర ఆ అమ్మాయి పలికింది. పెట్టె చేతిలో లేనివాళ్లు ఈ నంబరు రాసి పెట్టుకోండి.

అపోహ: చంపినా, మత్తుసూది వేసినా తేడా లేదు

చాలా తేడా ఉంది. రెండో భాగం నుంచి మత్తుసూది పిస్టల్ ఇస్తారు, స్నేక్ ఈటర్‌లోనూ ఉంది. స్నేక్ ఈటర్‌లో ఒకచోట మోకాలి లోతు నీళ్లలో నది వెంట నడవాలి. ఎదురుగా, అప్పటిదాకా మీరు చంపిన సైనికులు ఒక్కొక్కరే నడిచొస్తారు. ఎక్కువమందిని చంపితే ఆ నడక ఎక్కువ. దొరికినవాణ్ణల్లా కాల్చుకుంటూ వచ్చిన ఒక కుర్రాడికి ఆ నది దాటడానికి చాలాసేపు పట్టింది. మొదట నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగింది. "అన్నా, వీళ్లంతా నేను చంపినవాళ్లేనా?" అని అడిగాడు. అవునన్నాను. మర్నాడు వచ్చి మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

ఫాంటమ్ పెయిన్‌లో లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఎప్పుడూ తలకే గురిపెడితే శత్రువులు హెల్మెట్లు పెట్టుకొస్తారు. ఎప్పుడూ రాత్రిపూటే వెళితే చీకట్లో కనిపించే కళ్లద్దాలతో వస్తారు.

అపోహ: ఇది ఆట కాదు, సినిమా

2008లో పీఎస్3కి వచ్చిన నాలుగో భాగం విషయంలో ఈ మాటలో నిజం ఉంది. అందులో సినిమా సన్నివేశాలు చాలా పొడుగు. అందుకే మా దగ్గర అవి నడుస్తున్నంతసేపూ గంట లెక్క ఆపేస్తాను. కానీ ఆ ఒక్కదాన్ని చూసి మొత్తం సిరీస్‌ని అనకూడదు. ఫాంటమ్ పెయిన్‌లో అఫ్గానిస్తాన్ కొండల్లో గుర్రమెక్కి గంటలకొద్దీ మీ ఇష్టం వచ్చినట్టు తిరగొచ్చు.

అపోహ: పీఎస్పీ ఆటలు వదిలేయొచ్చు

పీఎస్పీ అంటే చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్. దాని మీద వచ్చిన పోర్టబుల్ ఆప్స్ వదిలేసినా ఇబ్బంది లేదు. పీస్ వాకర్ మాత్రం వదలకండి. అది కొజిమా స్వయంగా దర్శకత్వం వహించిన పూర్తి స్థాయి ఆట. ఫాంటమ్ పెయిన్, దానికి ముందుమాటలా వచ్చిన గ్రౌండ్ జీరోస్ రెండూ దాని భుజాల మీదే నిలబడ్డాయి. అది ఆడకుండా గ్రౌండ్ జీరోస్ చివరికి వచ్చినవాళ్లకి అక్కడ ఏం పోయిందో తెలియదు. రైజింగ్, సర్వైవ్ అనేవి వేరే రకం ఆటలు, వరసలో లెక్కపెట్టక్కర్లేదు.

అపోహ: ఇంగ్లీషు బాగా రాకపోతే దండగ

తెలుగు మీడియం పిల్లలే నా దగ్గర ఎక్కువ శ్రద్ధగా ఆడారు. కింద అక్షరాలు వస్తాయి, చదువుకోవచ్చు. ఒకబ్బాయి చిన్న నోటుబుక్ పెట్టుకుని తెలియని మాటలు రాసుకునేవాడు. మొదటి ఆట అయ్యేసరికి నాలుగు పేజీలు నిండాయి, మూడో ఆటకొచ్చేసరికి పుస్తకం తేవడం మానేశాడు.

అపోహ: ఆపకుండా ఆడాలి, మధ్యలో గ్యాప్ వస్తే కథ తెగిపోతుంది

రోజూ ఆడక్కర్లేదు. పరీక్షలుంటే పరీక్షలు రాసి రండి. స్నేక్ ఈటర్‌లో ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ది ఎండ్ అని వందేళ్లు దాటిన ముసలి స్నైపర్ ఉంటాడు. ఆయనతో పోరాటం మధ్యలో సేవ్ చేసి, వారం దాటాక తిరిగొస్తే, ఆయన వయసు మీద పడి చనిపోయి ఉంటాడు. కన్సోల్ లోపలి గడియారం చూసి ఆట లెక్కేస్తుంది. ఇది తెలియక ఒక కుర్రాడు సరిగ్గా అక్కడే సేవ్ చేసి ఇంటర్ పరీక్షలకి వెళ్లాడు. ఇరవై రోజుల తర్వాత అదే కుర్చీలో కూర్చుని, అదే అడవిలోకి వెళ్లి, ముసలాయన్ని ఆ స్థితిలో చూసి మాట్లాడకుండా ఉండిపోయాడు. ఆ ఆకుల మధ్య ఆయన్ని రెండు రోజులు వెతికాడు మరి. ఆ పోరాటం మొదలవకముందు వేరేగా దాచిన పాత సేవ్ ఒకటుంటే, దాన్ని తీసి ఇచ్చాను. ఆ మధ్యాహ్నం రెండు గంటలు పోరాడి గెలిచాడు.

కాబట్టి ఒకే సేవ్ మీద ఆధారపడొద్దు, రెండు మూడు విడిగా పెట్టుకోండి. వేసవిలో కరెంటు పోయే మన ఊళ్లో అది ఇంకా అవసరం. నాలుగో భాగం కోసమే మా పాత పీఎస్3ని బాగుచేయించి ఉంచాను. ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటుంది, వస్తే మీ పేరుతో ప్రొఫైల్ పెట్టి ఇస్తాను.