ఇంతెజార్ అనే ఊరు

చిక్కడపల్లి,
ఆదివారం ఉదయం.

మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న లిఫ్టులో మీలో ఇద్దరు నాతో పాటు ఎక్కారు. అమ్మాయి చెవిలో పరికరం పెట్టుకుని సన్నగా ఏదో కొరియా పాట పాడుకుంటోంది. పక్కనున్న అబ్బాయి, "అర్థం కాని పాట ఎందుకు నీకు? ఇంగ్లీషువి వినొచ్చు కదా" అన్నాడు. ఆ అమ్మాయి చటుక్కున నోరు మూసుకుని నా వైపు చూసింది. అంతలో మూడో అంతస్తు వచ్చింది, ఇద్దరూ దిగిపోయారు. నాకు జవాబులు ఎప్పుడూ ఒక అంతస్తు ఆలస్యంగానే తడతాయి. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ అబ్బాయికి. నాయనా, నీకు ఇష్టమైన ఇంగ్లీషు పాటలు మొదటిసారి వినగానే నీకు అర్థమయ్యాయా? ఫోనులో సాహిత్యం తెరిచి పెట్టుకుని, పది సార్లు వెనక్కి తిప్పి విని నేర్చుకుంటావని మీ అమ్మే చెప్పింది. మంచి పనే, మానవద్దు. ఆ ఓపిక ఒక్క ఇంగ్లీషుకే ఎందుకు ఖర్చు పెడుతున్నావన్నదే నా ప్రశ్న.

1964లో మా నాన్నకు బదిలీ అయి తెనాలి నుంచి ఈ హైదరాబాదుకు వచ్చాం. నాకు తొమ్మిదేళ్లు. ఉర్దూ ఒక్క ముక్క రాదు. మేం అద్దెకు దిగిన ఇంటి కింద ఒక దర్జీ కొట్టు ఉండేది. బుధవారం రాత్రయితే ఆయన కుట్టు మిషను ఆపేసి రేడియో ముల్లు సిలోన్ వైపు, అంటే ఇప్పటి శ్రీలంక స్టేషను వైపు తిప్పేవాడు. అమీన్ సయానీ గొంతుతో హిందీ సినిమా పాటల బినాకా గీత్‌మాలా. ఆ కార్యక్రమం 1952లో మొదలైంది. అప్పట్లో ఆకాశవాణి సినిమా పాటలను గడప అవతలే ఉంచింది, అందుకని దేశమంతా సముద్రం అవతలి నుంచి మన పాటలు మనమే తెప్పించుకుని వినేది! 1957లో వివిధ భారతి పెట్టాక కూడా ఆ బుధవారం అలవాటు పోలేదు. షార్ట్‌వేవ్ కాబట్టి పాట కెరటంలా పైకి లేచేది, మళ్లీ మునిగేది. మునిగినప్పుడు నాలుగు మాటలు పోయేవి. నాకెలాగూ అవి అర్థం కావు కనుక నష్టమేమీ లేదు.

ఒక్క మాట మాత్రం తరచూ వినిపించేది. ఎవరో ఒకరు "ఇంతెజార్"లో ఉండేవారు. లాడ్ బజార్, బేగంబజార్ లాగా అదీ ఒక బజారేననుకున్నాను. పాటల్లో వాళ్లందరూ అక్కడికే ఎందుకు వెళ్తున్నారు, అక్కడ ఏం అమ్ముతారు అని దర్జీని అడిగాను. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు. అవి తీసి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "అది ఊరు కాదు బాబూ, ఎదురుచూడటం. నాకు బట్టలు ఇచ్చినవాళ్లంతా అందులోనే ఉంటారు" అన్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ కొట్టులో మేకుకు తగిలించిన, చేతులు కుట్టని చొక్కాలు కనిపిస్తాయి. అరవై ఏళ్లు దాటినా అవే.

ఇక అర్థం సంగతి. మన నాలుగో అంతస్తు మామి మీకు తెలుసు. కుంభకోణంలో పుట్టి పెరిగారు. చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తనల పుస్తకం ఒకటి ఆవిడ దగ్గర ఉంది. అడిగితే చూపిస్తారు, చేతులు కడుక్కుని వెళ్లండి. అందులో త్యాగరాజ కీర్తనలు తమిళ లిపిలో ఉంటాయి. త, థ, ద, ధ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం. కనుక ఏది పలకాలో తెలియడానికి ఆ అక్షరం పక్కన చీమ తలకాయంత అంకె వేస్తారు: థకు 2, దకు 3, ధకు 4. క, ట, ప వర్గాలకూ అంతే. పుస్తకం నిండా ఈ చిన్న చిన్న అంకెలు. దూరం నుంచి చూస్తే లెక్కల నోటు పుస్తకం అనుకుంటారు. తెలుగు ఒక్క ముక్క రాని పిల్లలు మన భాషను ఇలా అంకెలు పట్టుకుని ఎక్కివచ్చారు.

త్యాగరాజు (1767–1847) కావేరి ఒడ్డున తిరువయ్యూరులో, తమిళ దేశం నడిబొడ్డున కూర్చుని దాదాపు అంతా తెలుగులోనే రాశాడు. ఆ పాటలను మోసి మనదాకా తెచ్చినవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. మొన్న మామి నన్నో సందేహం అడిగారు. "ఎందరో మహానుభావులు"లో "అందచందమును" అని వస్తుంది కదా, అందం తెలుసు, చందం అంటే చంద్రుడా అని. కాదండీ, తీరు అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, అరవై ఏళ్లుగా అక్కడ చంద్రుణ్ణి పెట్టి పాడుతున్నానన్నారు. చెప్పొద్దూ, పొరపాటేమో కానీ ఆవిడ చంద్రుడే బాగున్నాడనిపించింది. నేను తెలుగువాణ్ణి, నాకు ప్రతి మాటా తెలుసు, ఒక్క చరణం శ్రుతిలో పాడలేను. ఆ పాట మా ఇద్దరిలో ఎవరి దగ్గర ఉందంటారు?

2023లో "నాటు నాటు"కు ఆస్కార్ వచ్చినప్పుడు ప్రపంచమంతా గెంతింది. నాటు అంటే ఏమిటో వాళ్లలో ఎందరికి తెలుసు?

అలాగని అర్థం అక్కర్లేదనడం లేదు. ఆ పాఠం నేను పదిమంది ముందు నేర్చుకున్నాను. 2013లో నా పదవీ విరమణ నాడు, భోజనాల దగ్గర పెట్టమని నాకు ఇష్టమైన ఒక జపాను పాట ఇచ్చాను. ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల పక్కన దొరికిన రికార్డులోది. హుషారైన నడక, చివర్లో ఈల. పేరు "సుకియాకి". పాడినది క్యూ సకమోతో. 1963లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. జపానులో కొంతకాలం పనిచేసి వచ్చిన ఒక సహోద్యోగి కొడుకు నా పక్కనే పెరుగన్నం తింటూ మెల్లగా చెప్పాడు. సుకియాకి అంటే మాంసంతో చేసే ఒక వంటకమట! పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అసలు పేరు పలకడం కష్టమని బయటివాళ్లు తగిలించిన పేరు అది. "ఎందరో మహానుభావులు" నోరు తిరగలేదని పులిహోర అని పిలిచినట్టు. అసలు పాటలో అతను ఒంటరిగా రాత్రిపూట నడుస్తూ, కన్నీళ్లు కిందికి జారకుండా తల పైకెత్తుకుంటాడట. "ఆపించమంటావా?" అని అడిగితే, "వద్దు సార్, మీకు సరిగ్గా సరిపోయింది" అన్నాడు. ఆ తర్వాత ఉపన్యాసాలు అయ్యేదాకా నేను సీలింగు ఫ్యాను వైపే చూస్తూ కూర్చున్నాను.

ఓపిక ఉన్నవాళ్లు ఈజిప్టు గాయని ఉమ్ కుల్తుమ్ పాట ఒకటి వినండి. ఆవిడ 1975లో పోయారు. నెలకోసారి, మొదటి గురువారం రాత్రి, ఆవిడ కచేరీ రేడియోలో వస్తే అరబ్బు దేశాలన్నీ చెవులు అప్పగించేవి. ఒక్కో పాట గంట దాకా సాగుతుంది. జనం మళ్లీ అదే అని కేకలు వేస్తారు, ఆవిడ అదే పాదాన్ని మరో రకంగా తిప్పి పాడుతుంది. మన త్యాగరాయ గానసభలో నెరవల్, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటం, విన్న చెవికి ఇది కొత్తేమీ కాదు. అరబ్బీ ఎక్కడో దూరాన ఉందనీ అనుకోకండి. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ నుంచి వచ్చినవాళ్లు స్థిరపడ్డ చోటు బార్కస్, ఆ పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది. మన ఏసీ గార్డ్స్ పేట పేరులో ఉన్నది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికావాళ్ల గుర్రపు దళం. పెళ్లి ఊరేగింపులో మీరు చిందులేసే మర్ఫా దరువు ఈ అరబ్బుల, ఆఫ్రికావాళ్ల వెంటే మన వీధిలోకి వచ్చింది. దానికి గెంతేటప్పుడు ఎవరూ అర్థం అడగలేదు.

ఇప్పుడు ఒక ఫిర్యాదు. మీరు పాటలు పంపే పద్ధతి నాకు నచ్చదు. పొద్దున్న లేచేసరికి నా ఫోనులో పన్నెండు లింకులు, ఒక్క మాట ఉండదు. అది పాట ఇవ్వడం కాదు, గుమ్మం ముందు గోనె సంచి దింపి వెళ్లడం. ఒకటి పంపండి. ఏ భాష, ఎవరు పాడారు, ఎవరు రాశారు అన్నది రాయండి. ఎక్కడ చెవి ఒగ్గాలో చెప్పండి, "రెండో చరణం ముందు వేణువు దగ్గర ఆగు తాతా" అని. అర్థం ఒక్క వాక్యం చాలు, కానీ ఆ వాక్యం ఫోను అనువాదం చేసింది కాకుండా ఎవరినైనా అడిగి తెచ్చుకున్నది కావాలి. అడగడానికి ఈ ఊళ్లో మనుషులకు కరువా? తార్నాకలో విదేశీ భాషలు నేర్పే విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది, పక్కనే ఉస్మానియా, ఎన్నెన్నో దేశాల విద్యార్థులు. మీ కాలేజీ అక్కలలో ఎవరో ఒకరికి వాళ్లతో స్నేహం ఉండే ఉంటుంది. తమ భాషలో పాట గురించి అడిగితే కసిరిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. అరగంట కూర్చోబెడతారు, అదొక్కటే ప్రమాదం.

లిఫ్టులో అమ్మాయీ, నీ పాట పేరు మీ అమ్మను అడిగి తెలుసుకున్నాను. వారం రోజులుగా వింటున్నాను. డప్పుల మోత నాకు కాస్త ఎక్కువే, కానీ మధ్యలో అన్నీ ఆగి ఒక్క గొంతు మిగిలే చోటు బాగుంది. కొరియావాళ్లు నాన్నను "అప్పా" అంటారటగా, మామికి చెబితే ముచ్చటపడ్డారు. రెండో చరణంలో ఒక మాట నాలుగుసార్లు వస్తుంది. ప్రస్తుతానికి నేను దాన్ని ఒక ఊరి పేరు అనుకుంటున్నాను. సాయంత్రం ఆరింటికి పార్కింగు దగ్గర కుర్చీ వేసుకుని ఉంటాను, వచ్చి చెప్పు.

మీ తాతయ్య