వికలాంగుల స్వతంత్ర జీవనం: ఊళ్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఉదయగిరి మెట్టకు పోయినా, కోవూరు మాగాణికి పోయినా, సముద్రం ఒడ్డు ఊళ్లకు పోయినా వికలాంగులున్న ఇంట్లో ముందుగా మాట్లాడేది ఇంట్లోవాళ్లే. ఆ మనిషి గొంతు ఆఖర్న వినిపిస్తుంది, ఒక్కోసారి అసలు వినిపించదు. ప్రేమకు లోటుండదు గానీ, ఆ ప్రేమను కొన్ని నమ్మకాలు తప్పు దారి పట్టిస్తుంటాయి. నెల్లూరు జిల్లాలో పునరావాసం పని చేసేవాళ్లకు రోజూ ఎదురయ్యే నమ్మకాలివి.

అపోహ: ఎవరి సాయమూ లేకుండా బతికితేనే స్వతంత్రంగా బతికినట్టు.

అలా ఏ మనిషీ బతకడు. నాట్లకు కూలీలను పిలిచినంత మాత్రాన రైతు పరాధీనుడు కాడు. మొలగొలుకులు వెయ్యాలా, వేరే వరి రకమా అన్నది ఆయనే చెబుతాడు. ఇక్కడా అంతే. చొక్కా తొడిగే చెయ్యి ఇంకొకరిది కావచ్చు, ఏ చొక్కా అన్నది తొడుక్కునే మనిషే చెప్పాలి.

మొదట చేయాల్సిన పని ఒక కాగితం తీసుకోవడం. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా ఉండే పనులన్నీ రాయండి. తానే చేసుకునేవి, కాస్త చెయ్యందిస్తే చేసేవి, ఇంకొకరే చేయాల్సినవి అని మూడు వరసలు. ఆఖరి రెండు వరసల్లోని ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాయాలి. ఎదురింటి వదిన, ఆటో నడిపే తమ్ముడు, డ్వాక్రా సంఘంలోని పిన్నమ్మ, ఎవరైనా సరే. చాలా ఇళ్లలో అన్ని పనులకూ అమ్మ పేరు ఒక్కటే ఉంటుంది. ఆమెకు నాలుగు రోజులు జ్వరం వస్తే అంతా కూలిపోతుంది. రెండో పేరు అందుకే.

అపోహ: మెట్ల పక్కన సిమెంటు వాలు పోస్తే అదే ర్యాంపు.

చక్రాల కుర్చీ ఎక్కాలంటే, ఎత్తు ఒక అంగుళమైతే వాలు పొడవు 12 అంగుళాలు ఉండాలి. వీధి నుంచి అరుగుకు మూడు మెట్లు, ఒక్కోటి 6 అంగుళాలు అనుకుందాం. మొత్తం 18 అంగుళాల ఎత్తు, అంటే ర్యాంపు 18 అడుగులు పోవాలి. మేస్త్రీలు మోటారుసైకిలు ఎక్కించే లెక్కలో దాన్ని 4 అడుగుల్లో ముగిస్తారు. అంత నిటారు వాలు మీద ముందు చక్రాలు లేచి కుర్చీ వెల్లకిలా పడుతుంది, దిగేటప్పుడు మనిషి ముందుకు తూలిపోతాడు.

స్థలం లేకపోతే గోడ వెంబడి మలుపు తిప్పుకోవచ్చు: 9 అడుగులు ఎక్కాక 5 అడుగుల చదును, అక్కడ వెనక్కి తిరిగి ఇంకో 9 అడుగులు. తలుపు ముందు కూడా 5 అడుగుల చదును ఉండాలి, లేకపోతే వాలు మీద కుర్చీని ఆపి తలుపు తీయాల్సి వస్తుంది. వెడల్పు 4 అడుగులు. అంచున 3 అంగుళాల గట్టు కట్టకపోతే చక్రం పక్కకు జారుతుంది. రెండు పక్కలా పట్టుకోవడానికి పైపులు, 30 అంగుళాల ఎత్తున ఒకటి, 36 అంగుళాల ఎత్తున ఒకటి. పైన టైల్సు, నున్నటి కడప బండలు వద్దే వద్దు. సిమెంటు తడిగా ఉండగానే పుల్లల చీపురుతో అడ్డంగా గీతలు లాగితే చాలు, వానలోనూ చక్రానికి పట్టు దొరుకుతుంది.

ఇంత ఖర్చూ పెట్టాక చివరికి గడప దగ్గర ఆగిపోతారు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడపను కొట్టేయమని ఎవరినీ అడగక్కర్లేదు. 3 అంగుళాల గడపకు ఇవతల, అవతల చెరొక చెక్క వాలు చేయించండి, ఒక్కోటి 3 అడుగుల పొడవు. అవసరమైనప్పుడు వేస్తారు, పండగనాడు తీసి పక్కన పెడతారు. కింద రబ్బరు ముక్క అతికించకపోతే మాత్రం చెక్క జారుతుంది.

మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటే కుర్చీ దూరదు, లోపల పడిపోయినవాళ్లను బయటికి తీయడమూ కుదరదు. బందులు మార్చి తలుపు బయటికి తిప్పండి. కూర్చునే ఎత్తు 18, 19 అంగుళాలు ఉండాలి. పట్టుకునే పైపును పైపూత మీద బిగించకూడదు, బోల్టు ఇటుకలోకి దిగాలి. బిగించాక ఇంట్లో బరువైన మనిషి గట్టిగా లాగి చూసిన తర్వాతే వాడనివ్వండి.

అపోహ: చక్రాల కుర్చీ ఇచ్చేస్తే పని అయిపోయినట్టే.

కొలత లేని కుర్చీతో పుండ్లు వస్తాయి. తుంటికి ఇటూ అటూ ఒక్కో అంగుళం, సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండాలి. నెల్లూరులో 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పునరావాస కేంద్రం ఉంది, కుర్చీ తీసుకునే ముందు అలాంటి చోట కొలతలు చూపించుకోండి.

వెన్నుపూస దెబ్బతిని స్పర్శ లేనివాళ్లు కుర్చీలో 15 నుంచి 30 నిమిషాలకోసారి బరువు మార్చుకోవాలి. చేతులు ఆనించి లేవలేకపోతే ముందుకు వంగినా, పక్కకు ఒరిగినా సరే. మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రి పడుకునే ముందు తోక ఎముక, తుంట్లు, మడమలు అద్దంతో చూసుకోవాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీస్తే రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. నలుపు ఒంటి మీద ఎరుపు కనపడదు, వేడిగా గానీ గట్టిగా గానీ తగులుతుందేమో తడిమి చూడాలి. ఆ చోట రుద్దొద్దు, మసాజు చెయ్యొద్దు. రింగులా ఉండే ట్యూబు దిండు చాలామంది మంచిదనుకుంటారు. దాని అంచు చుట్టూ రక్తం ఆగి పుండు ఇంకా పెరుగుతుంది.

అపోహ: నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడు పోతుంది.

పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడు మిగులుతుంది, ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దెబ్బతింటాయి. ఉదయగిరి, వరికుంటపాడు వైపు అలా నడుం వంగిపోయినవాళ్లను చూసి "ముసలితనంలే" అని వదిలేయకండి. పొయ్యి, నీళ్ల బిందె నడుము ఎత్తున పెడితే వాళ్ల వంట వాళ్లే చేసుకోగలరు.

అపోహ: చూపు లేనివాళ్ల డబ్బు వేరొకరి చేతిలో ఉంటేనే క్షేమం.

2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షను ప్రకారం వాళ్ల ఆస్తి, డబ్బు మీద అధికారం వాళ్లదే. సాయం చేసేవాళ్లు ఒత్తిడి పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. చూపు లేదని ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు ఆపకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే బ్యాంకులకు చెప్పింది. జాయింటు ఖాతాయే తెరవాలని కౌంటరులో ఎవరన్నా అంటే, ఆ మాట రాసి ఇమ్మని అడగండి.

నోట్లు గుర్తుపట్టడం నేర్పితే వస్తుంది. కొత్త నోట్లలో 10 నోటు పొడవు 123 మిల్లీమీటర్లు, 100 నోటు 142, 500 నోటు 150. గట్టి అట్టముక్క మీద ఈ పొడవులకు గాట్లు పెట్టి జేబులో ఉంచుకుంటే నోటు ఆనించి చూసుకోవచ్చు. 100 నోటు అంచున ఉబ్బెత్తు గీతలు నాలుగు, 500కి ఐదు. నలిగిన నోట్ల మీద గీతలు చేతికి తగలవు, అప్పుడు అట్టముక్కే నమ్మకం. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన 'మణి' యాప్ ఇంటర్నెట్ లేకున్నా నోటు విలువ పలుకుతుంది.

అపోహ: బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డకు ఎంత చెప్పినా రాదు.

చివరి మెట్టు నుంచి నేర్పి చూడండి. చొక్కా తొడిగి, గుండీలన్నీ మీరే పెట్టి, ఆఖరి గుండీ సగం దూర్చి వదలండి. దాన్ని లాగడం ఒక్కటే బిడ్డ పని. అది కుదిరాక ఆఖరి గుండీ మొత్తం, తర్వాత చివరి రెండు. ప్రతిసారీ పని ముగించింది తానే అవుతుంది, ఆ సంతోషమే మరుసటి రోజు మళ్లీ కూర్చోబెడుతుంది. బడికి వేళయ్యే హడావిడిలో నేర్పొద్దు, సాయంత్రం తీరిగ్గా నేర్పండి. అమ్మ ఒక తీరు, నాయనమ్మ ఇంకో తీరు చూపిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: పింఛను వస్తోంది కదా, ఇంక సంఘాలెందుకు?

పింఛను 2024లో నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలైంది, పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. మంచిదే. కానీ బ్యాంకు అప్పు, తోటివాళ్ల అనుభవం సంఘంలోనే దొరుకుతాయి. వికలాంగుల పొదుపు సంఘానికి ఐదుగురు చాలు, ఆడా మగా కలిసి ఉండొచ్చు.

అపోహ: తుఫాను వస్తే అధికారులే వచ్చి తీసుకెళ్తారు.

2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను ఈ జిల్లా చూసింది. అలాంటప్పుడు ఎవరి ఇంట్లో ఎవరున్నారో ముందే తెలిసి ఉండాలి. అక్టోబరులోనే ఊరి సచివాలయంలో పేరు, ఏ సాయం కావాలో రాయించండి. కుర్చీతో సహా ఎత్తే ఇద్దరిని ఎంచి, ఒకసారి ఎత్తించి చూడండి. చేతులు ఆనించే భాగాలు, పాదాల పలకలు ఊడొస్తాయి, పట్టుకోవాల్సింది ఫ్రేమునే. ఏడు రోజుల మందులు, మూత్రపు గొట్టాలు, వినికిడి యంత్రం బ్యాటరీలు, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) నకలు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి తలుపు పక్కన తగిలించండి. చెవులు వినపడనివాళ్లకు మైకు చాటింపు చేరదు. ఆ ఇంటికి మనిషే పోవాలి. రాత్రయితే కిటికీలోంచి టార్చి వేసి ఆర్పుతూ లేపాలి. ఎవరు పోవాలో ఆ పేరు కూడా కాగితం మీద ఉండాలి.