‘చార్జ్’ అనే ఒక్క మాట: అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో పదహారేళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. వచ్చేవాళ్లలో చాలామందికి గ్రామర్ కంటే డిక్షనరీ అంటేనే టెన్షన్. ఒక మాట కోసం తెరిస్తే కింద ఇరవై అర్థాలు కనిపిస్తాయి, వెంటనే మూసేస్తారు. ‘చార్జ్’ దగ్గర ఈ భయం ఎక్కువ. ఫోన్‌కూ అదే, బస్సుకూ అదే, పోలీసు కేసుకూ అదే.

అపోహ: ఎన్ని అర్థాలుంటే అన్నీ విడివిడిగా బట్టీ పట్టాలి.

వాస్తవం: అర్థాలు ఎన్నయినా వేరు ఒక్కటే. అది చెప్పడానికి నేను మన మిర్చి యార్డు నుంచే మొదలుపెడతాను. ముఠా కూలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) భుజానికెత్తుకుని లారీకి ఎక్కించడం ఇక్కడ చూడనివాళ్లు ఉండరు. లాటిన్‌లో బండిని ‘కర్రుస్’ అనేవారు. బండికి సరుకెత్తడానికి అందులోంచే ఒక మాట పుట్టి, ఫ్రెంచిలో మారి, 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాతి కాలంలో ఇంగ్లిష్‌లోకి ‘చార్జ్’గా చేరింది. కార్, క్యారీ, కార్గో కూడా ఈ కుటుంబంలోవే.

అంటే చార్జ్ అంటే బరువెత్తడం. మనిషి నెత్తిన పని బరువు పెడితే బాధ్యత. తప్పు బరువు పెడితే అభియోగం. డబ్బు బరువు పెడితే రుసుము. తుపాకీలో మందు కూరినా చార్జే. 1740ల్లో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాజు జాడీల్లో కరెంటు నింపి ప్రయోగాలు చేస్తూ ఈ మాటే వాడాడు. మనం రాత్రి ఫోన్‌కు పెట్టే చార్జింగ్ ఆ దారిలో వచ్చిందే.

తెలుగువాళ్లకు ఇది కొత్త ఆలోచనేమీ కాదు. గడ్డిమోపు అంటాం, నేరం మోపారు అంటాం. బాధ్యత నెత్తికెత్తుకున్నాడు అంటాం. కరెంటు చార్జీలు పెరిగితే పేపర్లో ‘చార్జీల మోత’, ‘చార్జీల భారం’ అని రాస్తారు. రెండు భాషలూ ఒకే బరువును చూశాయి. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో ముఖాలు విప్పారడం నాకు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తుంది. ఒకసారి యార్డులో పనిచేసే కూలీ కొడుకు, “అయితే మా నాన్న చేసేది చార్జేనా మేడమ్?” అని అడిగాడు. పాతకాలపు వాడుకలో అవునని చెప్పాను. ఇప్పుడైతే లోడ్ అనాలి.

అపోహ: లాఠీచార్జి మనవాళ్లు కల్పించుకున్న తప్పుడు ఇంగ్లిష్.

వాస్తవం: లాఠీ మనది, చార్జ్ వాళ్లది. గుర్రపు రౌతు ఈటెను దాడికి సిద్ధంగా పట్టడాన్ని అలా అనేవారు. అక్కణ్ణుంచి మీదికి దూకడం అనే అర్థం వచ్చింది. భారతీయ ఇంగ్లిష్ పత్రికల్లో లాఠీచార్జి మామూలు మాటే.

అపోహ: డబ్బు ఎక్కడ కట్టినా చార్జే.

వాస్తవం: ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు బస్సుకు, రైలుకు, ఆటోకు ఇచ్చేది ఫేర్. డాక్టరుకు, లాయరుకు ఫీజు. విజయవాడ వెళ్తూ కాజ దగ్గర కట్టేది టోల్. డెలివరీ చార్జ్, సర్వీస్ చార్జ్ అనొచ్చు. తెలుగులో బస్సు చార్జీ అంటే మాత్రం ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు, అది మన మాటైపోయింది. ఫోన్ ఆగిపోయినప్పుడు ‘మై చార్జింగ్ ఈజ్ ఓవర్’ అనకండి, ‘మై బ్యాటరీ ఈజ్ డెడ్’ అంటే చాలు.

అపోహ: చార్జిషీట్ వేశారంటే నేరం రుజువైనట్టే.

వాస్తవం: దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఈ పొరపాటు వల్ల మనుషుల పరువు పోతుంది. చార్జిషీట్ అంటే దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకిచ్చే నివేదిక. దాన్ని చూశాక అభియోగాలు ఖరారు చేయాలా వద్దా అని తేల్చేది కోర్టు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే నేర విచారణ చట్టంలోనూ పద్ధతి ఇదే. తగిన ఆధారం లేకపోతే విచారణకు ముందే నిందితుణ్ణి డిశ్చార్జ్ చేస్తారు, అంటే కేసు నుంచి విడిచిపెడతారు.

అపోహ: ‘ఇన్ చార్జ్’లో ‘ద’ ఉన్నా లేకపోయినా ఒకటే.

వాస్తవం: ‘ద నర్స్ ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద చైల్డ్’ అంటే బిడ్డ బాధ్యత నర్సుది. ‘ద చైల్డ్ ఈజ్ ఇన్ ద చార్జ్ ఆఫ్ ద నర్స్’ అన్నా అదే సంగతి, కానీ ఇప్పుడు వాక్యం బిడ్డ వైపు నుంచి నడుస్తోంది. ఇందులో ‘చార్జ్’ ముందున్న ‘ద’ తీసేస్తే బిడ్డే నర్సును చూసుకుంటున్నట్టు అవుతుంది.

అపోహ: డిశ్చార్జ్ అంటే ఆస్పత్రి నుంచి ఇంటికి పంపడమే.

వాస్తవం: చార్జ్ ఎత్తడమైతే డిశ్చార్జ్ దించడం. కోర్టు డిశ్చార్జ్ చేస్తే అభియోగం దిగిపోతుంది, వాడేకొద్దీ బ్యాటరీ డిశ్చార్జ్ అవుతుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలే నీటిని ఇంజినీర్లు క్యూసెక్కుల్లో లెక్కగట్టేదీ ఈ మాటతోనే. నర్సింగ్ చదివే పిల్లల చేత మాత్రం ఒక వాక్యం ప్రత్యేకంగా రాయిస్తాను: ‘నో డిశ్చార్జ్ ఫ్రమ్ ద ఊండ్’. గాయం నుంచి చీము, రసి కారడం లేదని దాని అర్థం. రోగిని ఇంటికి పంపొద్దని కాదు.