విమాన టికెట్ కూడా క్రూజ్ కంపెనీ దగ్గరే కొనాలా? నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పదిహేడేళ్లుగా హైదరాబాద్‌లో విదేశీ టికెట్లు తీస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లుగా క్రూజులే ఎక్కువ. మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఇక్కడి నుంచి సింగపూర్, బార్సిలోనా, రోమ్ వెళ్లి ఓడ ఎక్కే జంటలు ఒక రకం. అమెరికాలో ఉన్న పిల్లలు అలాస్కాకో బహామాస్‌కో తీసుకెళ్తామంటే అడగడానికి వచ్చే అమ్మానాన్నలు ఇంకో రకం. క్యాబిన్ ఖాయం చేసుకున్నాక ఇద్దరూ అడిగే ప్రశ్న ఒకటే: "విమానం కూడా వాళ్ల దగ్గరే తీసేద్దామా, మనమే విడిగా చూసుకుందామా?"

నేను నోరు తెరిచేలోపే జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. తోడల్లుడు చెప్పిందో, యూట్యూబ్‌లో చూసిందో అయి ఉంటుంది. ఆ జవాబుల గురించే ఇదంతా.

ముందు ఒక మాట. పెద్ద క్రూజ్ కంపెనీలు చాలావరకు విమాన టికెట్లూ అమ్ముతాయి. ప్రిన్సెస్ వాళ్లది ఈజీఎయిర్, రాయల్ కరీబియన్ వాళ్లది ఎయిర్‌టూసీ, హాలండ్ అమెరికా వాళ్లది ఫ్లైట్ ఈజ్. పేర్లు వేరైనా వీళ్లెవరికీ సొంత విమానాలు లేవు. మీరు ఎక్కేది అదే ఎమిరేట్స్, అదే లుఫ్తాన్సా, అదే డెల్టా. అంటే విమానం విషయంలో క్రూజ్ కంపెనీ కూడా నాలాంటి ఏజెంటే, కాకపోతే చాలా పెద్ద ఏజెంటు. ఇది గుర్తుంటే సగం అపోహలు వాటంతట అవే పోతాయి.

అపోహ: వాళ్ల దగ్గర టికెట్ కొంటే, ఫ్లైట్ లేటైనా షిప్ మన కోసం ఆగుతుంది.

ఆగుతుందని ఏ కంపెనీ మాట ఇవ్వదు. ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మధ్యలో ఏదైనా ఊళ్లో దిగి, క్రూజ్ కంపెనీ బస్సులోనే ఊరు చూడటానికి వెళ్లామనుకోండి. ఆ బస్సు లేటైతే షిప్ ఆగుతుంది. లేదా మనల్ని తర్వాతి పోర్టుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి విమానానికీ అంటుకుంది.

విమానం విషయంలో వాళ్లు ఇచ్చే హామీ వేరు: "మా ద్వారా కొన్న ఫ్లైట్ ఆలస్యమైతే, షిప్‌ను తర్వాత అందుకునేలా మిమ్మల్ని చేరుస్తాం" అని. మంచి హామీయే, కాదనను. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఇంకో ఫ్లైట్ వెతకడానికి అవతల ఒక మనిషి ఉంటాడు. కానీ షిప్‌కు రేవులో ఇచ్చిన టైమ్ ఉంటుంది, మర్నాడు పొద్దున్నే ఇంకో రేవులో ఉండాలి. పైగా అమెరికా పోర్టుల్లో బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందే ఓడలో ఎవరెవరున్నారో తుది జాబితా అక్కడి కస్టమ్స్‌కు పంపాలి. అందుకే షిప్ టైమ్ నాలుగు అంటే మూడింటికి, కొన్నిచోట్ల ఇంకా ముందే, గేటు మూసేస్తారు. నాలుగింటికి టాక్సీ దిగి పరిగెత్తినా కళ్ల ముందు కనిపించే ఓడ ఎక్కలేరు.

పోనీ తర్వాతి పోర్టులో ఎక్కితే సరిపోదా? అన్నిచోట్లా కుదరదు. మా పాత కస్టమర్ గారబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అమ్మానాన్నలను సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్‌కు తీసుకెళ్లాడు. టికెట్లు తనే తీశాడు, అదీ షిప్ ఎక్కాల్సిన రోజు పొద్దుటి ఫ్లైట్‌కి. అది బయల్దేరడమే నాలుగు గంటలు లేటు, షిప్ వెళ్లిపోయింది. "అలాస్కాలో ఓడ ఆగే జూనోకు ఫ్లైట్ ఉందండీ, అక్కడ ఎక్కేస్తాం" అని నాకు ఫోన్. ఎక్కనివ్వరని నేను చెబితే నమ్మలేదు. క్రూజ్ వాళ్లకు ఫోన్ చేశాడు, వాళ్లూ అదే చెప్పారు.

కారణం 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్. విదేశీ జెండా ఓడ, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడ, ఒక అమెరికా పోర్టులో ప్రయాణికులను ఎక్కించుకుని ఇంకో అమెరికా పోర్టులో దించకూడదు. క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా లాంటి దేశాల జెండాల మీద తిరుగుతాయి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లో దిగితే, మధ్యలో కెనడాలోని విక్టోరియా తగులుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. జూనోలో ఎక్కి సియాటిల్‌లో దిగితే మాత్రం చట్టాన్ని అతిక్రమించినట్టే, కంపెనీకి తలకింత అని జరిమానా పడుతుంది. వాళ్లకు మిగిలిన దారి విక్టోరియాలో ఎక్కడం. అది చివరి రోజు సాయంత్రం. ఆ కుటుంబం సియాటిల్‌లో మూడు రోజులు తిరిగి డల్లాస్ వెళ్లిపోయింది. టికెట్ క్రూజ్ కంపెనీ దగ్గర కొన్నా చట్టం మారదు కదా.

అందుకే నేను ముందు అడిగేది టికెట్ ఎవరి దగ్గర అని కాదు, ఏ రోజు దిగుతున్నారని. అమెరికాలో ఉన్నవాళ్లు ఒక రోజు ముందు, హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు రెండు రోజుల ముందు అక్కడ ఉండాలి. ఇక్కడి నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. యూరప్ పోర్టులకూ చాలావరకు దుబాయో దోహానో మారాల్సిందే. మారేచోట సూట్‌కేసు తప్పిపోతే అది వెనకాలే రావడానికి కూడా ఒక రోజు కావాలి. హోటల్ ఖర్చు ఎందుకండీ అనేవాళ్లకు క్యాబిన్ ధర గుర్తుచేస్తాను. అది తిరిగి రాదు.

అపోహ: పెద్ద గొడవ జరిగితే వాళ్లే చూసుకుంటారు, మనకు టెన్షన్ ఉండదు.

ఒక ఫ్లైట్ ఆగిపోతే చూసుకుంటారు, నిజమే. మొత్తం వ్యవస్థే కూలితే వాళ్ల దగ్గరా సీట్లుండవు. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎయిర్‌లైన్ సౌత్‌వెస్ట్ 16 వేలకు పైగా ఫ్లైట్లు రద్దు చేసింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ అప్‌డేట్‌తో కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు ఒక్క డెల్టాయే అయిదు రోజుల్లో దాదాపు 7 వేల ఫ్లైట్లు రద్దు చేసింది. అలాంటి రోజున క్రూజ్ కంపెనీ డెస్క్ వెతికేదీ, మీరు ఫోన్‌లో వెతికేదీ అవే నాలుగు సీట్లు.

అపోహ: వాళ్ల టికెట్ ఎప్పుడూ ఖరీదే.

"ఎప్పుడూ చవకే" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. వెళ్లేది ఒక ఊరు, వచ్చేది ఇంకో ఊరు అయినప్పుడు వాళ్ల ధరలు చాలాసార్లు బాగుంటాయి. వాంకూవర్‌లో ఎక్కి విట్టియర్‌లో దిగే అలాస్కా క్రూజ్ చూడండి. వెళ్లడం వాంకూవర్‌కి, తిరుగు ప్రయాణం విట్టియర్‌కు దగ్గర్లోని యాంకరేజ్ నుంచి. ఇలాంటివి మనం విడివిడిగా తీస్తే జేబుకు చిల్లే. విమాన సంస్థలతో వాళ్లకు ఉండే ఒప్పంద ధరలు ఇక్కడ పనికొస్తాయి. బిజినెస్ క్లాస్‌లోనూ ఒక్కోసారి నేను ఇవ్వలేని ధర వాళ్లు ఇచ్చారు, ఒప్పుకోవాలి. డల్లాస్ నుంచి మయామీ వెళ్లి రావడం లాంటి మామూలు రూటుకు మాత్రం మనమే తీసుకుంటే తగ్గుతుంది. రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూడటానికి పది నిమిషాలు పట్టదు.

ఇక "ఫ్రీ ఎయిర్" ఆఫర్లు. ఏ ఊరి నుంచి వర్తిస్తుందో, టాక్సులు ఎవరివో, రూటు ఎవరు ఎంచుతారో చదవండి. రూటు వాళ్లదైతే రెండు చోట్ల మారి, అర్ధరాత్రి దిగే ఫ్లైట్ మీ వంతుకు రావచ్చు.

అపోహ: ఇంత పెద్ద కంపెనీ, వీసాలన్నీ చూసే రూటు ఇస్తుంది.

ఇది నా సొంత దెబ్బ. కూకట్‌పల్లి నుంచి ఒక రిటైర్డ్ దంపతులు, బార్సిలోనాలో ఎక్కి అక్కడే దిగే క్రూజ్. విమానాలు కూడా క్రూజ్ కంపెనీ ద్వారానే తీశాం. పేరు వద్దులెండి. షెంజెన్ వీసాలు, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసాలు, వచ్చాయి, అంతా బాగుందనుకున్నాం. బయల్దేరడానికి పన్నెండు రోజుల ముందు ఫైలు తిరగేస్తుంటే, తిరుగు ప్రయాణం లండన్ మీదుగా అని కనిపించింది. లండన్‌లో విమానం మారాలంటే, బయటికి రాకపోయినా, మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా లాంటి దేశాల వీసా ఉంటే మినహాయింపు ఉంది గానీ, టూరిస్టు షెంజెన్ వీసాకు లేదు. ఆ దంపతులకు ఉన్నది షెంజెన్ ఒక్కటే.

కంపెనీకి ఫోన్ చేస్తే "పత్రాల బాధ్యత ప్రయాణికుడిదే, షరతుల్లో ఉంది" అన్నారు. నిజంగానే ఉంది. రూటు మార్చడానికి అయిన తేడాలో సగం నేను పెట్టుకున్నాను, ఎందుకంటే అది మొదటి రోజే చూడాల్సింది నేను. ఆంటీ మాత్రం ఇప్పటికీ "లండన్ చూసే యోగం తప్పించావు బాబూ" అని ఏడిపిస్తారు.

కెనడా కూడా ఇంతే. టొరంటోలో గంటన్నర ఆగి వేరే విమానం ఎక్కాలన్నా భారతీయ పాస్‌పోర్టుకు కెనడా వీసా అడుగుతారు. రూటు ఎవరు ఇచ్చినా, ఎక్కడెక్కడ ఆగుతుందో చూసి మీ పాస్‌పోర్టుతో సరిపోల్చుకోవాల్సింది మీరే.

అపోహ: టికెట్ వాళ్లదైతే మార్పులు, రద్దు అన్నీ సులువు.

టికెట్ జారీ కాకముందు సులువే. ఉదాహరణకు ఈజీఎయిర్‌లో ఫ్లెక్సిబుల్ రకం తీసుకుంటే బయల్దేరడానికి 45 రోజుల ముందు వరకు రుసుము లేకుండా మార్చుకోవచ్చు. డబ్బు కూడా క్రూజ్ చివరి వాయిదాతో కలిపి కట్టొచ్చు. ఏడాది ముందే బుక్ చేసుకునేవాళ్లకు ఇది నిజంగా మేలు. అందులోనే రెస్ట్రిక్టెడ్ రకమూ ఉంది. దానికి వెంటనే డబ్బు కట్టాలి, ఎయిర్‌లైన్ షరతులే వర్తిస్తాయి. స్క్రీన్ మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూసి నొక్కండి.

జారీ అయ్యాక కథ మారుతుంది. సీటు మార్చాలన్నా, తేదీ మార్చాలన్నా ఎయిర్‌లైన్ వాళ్లు "మీ ఏజెంట్‌ను అడగండి" అంటారు. ఆ ఏజెంటు అంటే క్రూజ్ కంపెనీ. రీఫండ్ కూడా అదే దారిలో తిరిగి రావాలి. కొన్ని ఒప్పంద ధరలకు మైళ్లు (ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) తక్కువ జమ అవుతాయి, అప్‌గ్రేడ్ ఉండదు. అమెరికా ఫ్లైట్లకు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా, ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు బుక్ చేస్తే 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకునే నిబంధన ఉంది. ఏజెంట్ల దగ్గర కొంటే ఆ నిబంధన వర్తించదు.

దీనికి రెండో వైపూ ఉంది. క్రూజ్ కంపెనీయే ప్రయాణం రద్దు చేస్తే, వాళ్ల ద్వారా కొన్న విమానం కూడా వాళ్లే చూసుకుంటారు. మీరు విడిగా కొన్న టికెట్‌తో వాళ్లకు పెద్దగా సంబంధం ఉండదు. 2020 మార్చి 14న కోవిడ్ వల్ల క్రూజులు ఆపేయమంటూ అమెరికా నో సెయిల్ ఆర్డర్ ఇచ్చాక ఈ తేడా మా ఆఫీసులో అందరికీ బాగా తెలిసొచ్చింది. అప్పటి నుంచీ విడిగా తీసేవాళ్లకు, కాస్త ఎక్కువైనా, రద్దు చేస్తే కనీసం క్రెడిట్ వచ్చే టికెట్టే తీయమంటాను.

అపోహ: హైదరాబాద్ నుంచి ముంబైకి చవక టికెట్ విడిగా తీసి, అక్కడి నుంచి ఇంటర్నేషనల్ తీస్తే తెలివైన పని.

మొదటి ఫ్లైట్ లేటైతే రెండోదానికి మీరు "రాని ప్రయాణికుడు". రెండూ ఒకే టికెట్ మీద ఉంటే తర్వాతి ఫ్లైట్‌లో పంపడం ఎయిర్‌లైన్ పని. మిగిలే నాలుగైదు వేల కోసం లక్షల క్రూజ్‌తో జూదం ఆడొద్దు.

అపోహ: క్రూజ్ వెనిస్ నుంచి కాబట్టి టికెట్ వెనిస్‌కి.

2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను వెనిస్ నగరం మధ్య కాలువలోకి రానివ్వడం లేదు. "వెనిస్" అని అమ్మే కొన్ని క్రూజులు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని రవెన్నా నుంచి బయల్దేరతాయి. "రోమ్" అంటే చివిటవెక్యా, "లండన్" అంటే ఎక్కువగా సౌతాంప్టన్, "పారిస్" అంటే లే ఆవ్ర్. ఎయిర్‌పోర్టు నుంచి పోర్టుకు బస్సు కూడా వాళ్ల విమాన టికెట్‌లో ఉందనుకోకండి. చాలావాటిలో అది విడిగా కొనాలి.

పేర్ల సంగతి మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే గడిలో. అలాంటివాళ్ల అమెరికా వీసాలో పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. క్రూజ్ వెబ్‌సైట్ గడి ఖాళీగా వదలనివ్వదు కాబట్టి అమెరికాలోని అబ్బాయి ఏదో ఒకటి నింపేస్తాడు. క్రూజ్ బుకింగ్‌లో ఉన్న పేరే విమాన టికెట్ మీదికీ వెళ్తుంది. ఓడ వాళ్లు పేరు సరిచేయడానికి పెద్దగా ఇబ్బంది పెట్టరు గానీ, జారీ అయిన విమాన టికెట్ మీద పేరు మార్చడం మహా కష్టం. దుబాయ్‌లో ఎక్కే క్రూజ్ అయితే ఇంకా జాగ్రత్త. పాస్‌పోర్టులో ఒకటే పేరు ఉండి, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో కూడా లేనివాళ్లను 2022 నవంబర్ నుంచి విజిట్ వీసా మీద యూఏఈలోకి రానివ్వడం లేదు.

టీసీఎస్ గురించి, అంటే అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను గురించి, ఒక్క ముక్క. క్రూజ్, విమానం కలిపి ఇక్కడి ఏజెంట్ దగ్గర కొంటే విదేశీ టూర్ ప్యాకేజీ కింద మొత్తం మీద టీసీఎస్ పడుతుంది. విమాన టికెట్ ఒక్కటే విడిగా కొంటే ఆ టికెట్ మీద పడదు. అయినా కట్టింది ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో సర్దుబాటు అవుతుంది. దీని కోసమే విమానం విడిగా తీయమని మాత్రం చెప్పను.

చివరి అపోహ: షిప్ పొద్దున ఆరింటికే రేవులో ఉంటుంది కదా, తొమ్మిదికి ఫ్లైట్ తీసేయొచ్చు.

ఆరింటికి వచ్చేది ఓడ, మీరు కాదు. సామాను దించాలి, ఇమిగ్రేషన్ అవ్వాలి, వేలమంది దిగాలి. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఎయిర్‌పోర్టు పోర్టు పక్కనే కాబట్టి పదకొండున్నర ఫ్లైట్‌కి సరే అంటాను. పోర్ట్ కెనావెరల్ నుంచి ఓర్లాండో ఎయిర్‌పోర్టు దాదాపు 70 కిలోమీటర్లు, అక్కడ ఒంటిగంట ఫ్లైట్. చివిటవెక్యా అయితే రెండు. ఇంతకంటే ముందు ఫ్లైట్ కావాలని పట్టుబట్టేవాళ్లకు మా ఆఫీసులో టికెట్ తీయం, ఫిల్టర్ కాఫీ ఇచ్చి పంపిస్తాం.